తమిలోక్ తిని పెరిగిన పిల్లాడు

ఆర్నెల్‌కి ఈ భూమ్మీద అసహ్యం పుట్టించే వస్తువంటూ ఏదీ లేదట. ఫిలిప్పీన్స్‌లోని పలావన్ దీవిలో దిగిన రోజు నుంచీ కనబడ్డవాళ్లందరికీ ఇదే చెబుతున్నాడు. మొదటిసారి అలా చెప్పిన పావుగంటకే, ఊళ్లో అన్నిటికన్నా చవకైన హాస్టల్లో దిండు తిప్పి చూసి, తన వీపు సంచినే తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆ దిండులో పదిహేడు దేశాల తలనూనె ఉంది. గట్టిగా పిండితే ఊరంతా వారం రోజులు చేపలు వేయించుకోవచ్చు. స్నానాలగదిలో మగ్గు పట్టుకుంటే వదల్లేదు, కరచాలనం చేస్తున్నట్టు అంటుకుపోయింది. అందుకని ఆరు రోజులు సముద్రంలో మునిగి అదే స్నానమనుకున్నాడు. ఇప్పుడు అతని పక్కన దోమలు కూడా కూర్చోవడం లేదు.

మర్నాడు పొద్దున్నే మనీలా వెళ్లే ఓడ అందుకోవాలి. టికెట్టు జేబులో ఉంది. కానీ ఓడ ఆగే రేవు అవతలి దీవిలో ఉంది. ఆ రోజుకి అటు పోయేది సెల్సో అనే అతని సరుకుల పడవ ఒక్కటే. టూరిస్టుల్ని ఎక్కిస్తే పర్మిట్ పోతుందని సెల్సో సొంతవాళ్లని తప్ప ఎక్కించుకోడు.

అందుకే ఆర్నెల్ సొంతవాడైపోయాడు. వాళ్లమ్మది ఈ తీరమేనని, చిన్నప్పుడు మిగతా పిల్లలు నూడుల్స్ తిన్నట్టు తను ఇక్కడివాళ్లు తినే తమిలోక్ తిన్నానని, పాలపళ్లు ఊడింది దాని మీదేనని ముఖం చెదరకుండా చెప్పాడు. పడవలో కూర్చున్న సెల్సో తల్లి పూరింగ్ అవ్వ మురిసిపోయింది. మన పిల్లాడే, ఎక్కించుకోమని కొడుక్కి చెప్పింది.

ఆటుపోటు మారడానికి ఇంకా గంట ఉంది. సెల్సో ఊరికే కూర్చోలేక, మడచెట్ల బురదలో నానుతున్న కుళ్లు దుంగ ఒకటి లాక్కొచ్చి గొడ్డలితో చీల్చాడు. లోపల చెక్కని తొలుచుకుంటూ తమిలోక్ పురుగులు. మూరెడు పొడుగు, బూడిదరంగు, జలుబు చేసినవాడి ముక్కులోంచి తిన్నగా వచ్చినట్టున్నాయి. మురుగ్గుంట వాసన. అవ్వ ఒకదాన్ని మిరపకాయలేసిన వెనిగర్‌లో ముంచి ఆర్నెల్ చేతికిచ్చింది.

"తిను నాయనా. మీ అమ్మ గుర్తొస్తుంది."

ఆర్నెల్ తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని మొత్తం నోట్లోకి వదిలేశాడు. అది గొంతు మధ్యలో ఆగి, కిందికి పోవాలా పైకి రావాలా అని కాసేపు ఆలోచించింది. పోతూ పోతూ ఏదో గట్టిది గోళ్లతో రక్కినట్టు గీరింది. వెనకాలే నోటినిండా ఇసక, బురద. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే నవ్వాడు.

"అచ్చం అమ్మ చేతి రుచే, అవ్వా."

సెల్సో గొడ్డలి ఆగింది.

"తల తుంచలేదేంట్రా? కడుపులో బురద పిండలేదు, కడగలేదు. మా ఊళ్లో నాలుగేళ్ల పిల్ల కూడా తల తుంచకుండా నోట్లో పెట్టదు. చెక్క తొలిచే చిప్పలు దాని తలమీదే కదా ఉండేది."

"మా వైపు తలతోనే తింటాం అన్నా. బలమని."

ఏ వైపురా అని సెల్సో నిలదీశాడు. ఆర్నెల్ చెయ్యి చాపి సముద్రం మొత్తాన్ని చూపించాడు. అవ్వ దుంగలో తాపీగా వెతికి, అన్నిటికన్నా లావుదాన్ని లాగి, వెనిగర్ కూడా లేకుండా అతని అరచేతిలో పెట్టింది.

"అయితే ఇదీ తలతోనే తిను. బలం కదా."

అది మెల్లగా మణికట్టు వైపు పాకింది. ఆర్నెల్ ఆ చేతిని ఒంటికి దూరంగా చాచిపెట్టాడు.

"అవ్వా, నాది మనీలా," అన్నాడు. "మా అమ్మదీ మనీలానే. ఈ పురుగుని పుట్టి బుద్ధెరిగాక ఇవాళే చూశాను. రేపు ఓడ తప్పిపోతుందని అబద్ధమాడాను. పడవెక్కించుకోకపోయినా ఫర్లేదు, మీ కాళ్లు పట్టుకుంటాను, దీన్ని మాత్రం వెనక్కి తీసుకోండి."