గోపాలరావు సారు వీపు

గోపాలరావు పాఠాలు చెప్పబట్టి ఇరవై రెండేళ్లు. మొదటి పందొమ్మిదేళ్లు ఒక పాలిటెక్నిక్‌లో, ఆ తర్వాత గుండ్లపోచంపల్లి దాటాక గోడౌన్ల వెనక కట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో. అక్కడ మెకానికల్ విభాగానికి ఆయనే హెడ్డు. థర్మోడైనమిక్స్ ఆయనకు కంఠతా వచ్చు. పుస్తకం, నోట్సు ఏమీ లేకుండా సుద్దముక్క ఒక్కటి పట్టుకుని క్లాసులోకి వెళ్లేవాడు. బోర్డును ఈ మూల నుంచి ఆ మూల దాకా రెండుసార్లు నింపి, రెండుసార్లు తుడిచి, బెల్లు కొట్టేసరికి చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చేవాడు. అందుకే 2001 ఆగస్టులో, అధ్యాపకులందరూ వారం రోజులు బోధనలో శిక్షణ తీసుకోవాలని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వస్తే, అది కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ల గురించే అనుకున్నాడు.

"అందరు అని రాసిన్రు సార్," అన్నాడు చైర్మన్ జనార్ధన్. ఆయనది ఆ ఊరి పటేళ్ల కుటుంబం. కాలేజీ ఉన్న పదెకరాలు వాళ్ల నాయిన జొన్న వేసిన చేను. దాని చుట్టూ ఉన్నదంతా జనార్ధన్ చేతిలో ప్లాట్లయింది. "పెద్దోళ్లు మీరు కూసుంటెనే తక్కినోళ్లు కూసుంటరు. నవంబర్ల కాలేజి తనిఖీకి కమిటీ వస్తాంది. క్లాసు వీడియో గూడ తీసి చూపియ్యాల్నట."

శిక్షణ ఇవ్వడానికి వచ్చినావిడ పేరు దుర్గాబాయి. టీచర్లను తయారుచేసే కాలేజీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది. రోజూ సికింద్రాబాదులో మేడ్చల్ బస్సెక్కి, కాలేజీ గేటు ముందు దిగి, గొడుగు వేసుకుని నడిచొచ్చేది. మొదటి రోజే లెక్చరర్లందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి చెప్పింది.

"మీకు నేను నేర్పేదేమీ లేదండి. ఒక్కొక్కరి క్లాసు వీడియో తీయిస్తాం. మర్నాడు అందరం కలిసి చూస్తాం. రెండు రోజుల తర్వాత అదే పాఠం మళ్లీ చెబుతారు. అంతే."

వీడియో తీయడానికి జనార్ధన్ స్టీఫెన్‌ను పిలిపించాడు. మేడ్చల్ బస్టాండు పక్కన స్టీఫెన్‌కు స్టూడియో ఉంది. చర్చిలో పెళ్లయినా, దేవరయాంజాల్ గుడిలో పెళ్లయినా, ఎవరింట్లో గృహప్రవేశమైనా కెమెరా అతనిదే. జనార్ధన్ కూతురి పెళ్లి మూడు క్యాసెట్లు తీసింది కూడా అతనే. క్లాసు మాత్రం ఎప్పుడూ తీయలేదు.

"ఏం ఫరక్ లేదు సార్," అన్నాడు స్టీఫెన్ గోపాలరావుతో. "ఆడ అయ్యగారు మాట్లాడుతడు, అందరు కూసుంటరు. ఈడ మీరు మాట్లాడుతరు, అందరు కూసుంటరు."

ఆ రోజు గోపాలరావు మీగడ రంగు కొత్త చొక్కా వేసుకున్నాడు. ముందు రోజే జుట్టుకు రంగేసుకున్నాడు. భార్య సుశీల చెబితే ముఖానికి కాస్త పౌడరు కూడా రాసుకున్నాడు. క్లాసులోకి వచ్చి, లైటు వెలుగులో నిలబడి, పిల్లలకు గుడ్ మార్నింగ్ చెప్పి బోర్డు వైపు తిరిగాడు. ఆ తర్వాత మళ్లీ ఇటు తిరగలేదు.

స్టీఫెన్ ఐదు నిమిషాలు ఓపిక పట్టాడు.

"సార్, ఒక్కసారి ఇటు చూడున్రి," అన్నాడు.

"పాఠం నడుస్తాంది," అన్నాడు గోపాలరావు రాస్తూనే.

పద్నాలుగేళ్ల వృత్తిలో స్టీఫెన్ ఎవరి వీపునూ ఇంతసేపు తీసి ఎరగడు. పెళ్లికొడుకు వీపు ఒక్క నిమిషం ఎక్కువ కనపడితేనే ఆ ఇంటివాళ్లు క్యాసెట్టు తిప్పి పంపిస్తారు. ఎదురుగా కూర్చున్న చుట్టాలను వదిలేస్తే అది ఇంకా పెద్ద గొడవ. మేమొచ్చినం, క్యాసెట్ల లేము, అని ఏళ్ల తరబడి అంటారు. అందుకని అతను తనకు తెలిసిన పని చేశాడు. కెమెరాను పిల్లల వైపు తిప్పి, చివరి బెంచీ నుంచి వరసగా, మనిషికి ఐదు సెకన్ల చొప్పున తీసుకుంటూ పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం సెమినార్ హాల్లో టీవీ పెట్టారు. ఇరవై మంది లెక్చరర్లు కూర్చున్నారు. గోపాలరావు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీదికి రెండు హంసలు వచ్చాయి. వాటి మధ్య ఒక గులాబీ విచ్చుకుంది. సన్నాయి మోగుతుండగా 'శ్రీ గోపాలరావు గారి థర్మోడైనమిక్స్ క్లాసు, శుభాకాంక్షలతో' అని అక్షరాలు పడ్డాయి.

హాలంతా గొల్లుమంది.

"ముందల ఏదన్న ఉండాలె గద మేడం," అన్నాడు స్టీఫెన్ నొచ్చుకుని. "ఉత్తగ షురూ జేస్తే మంచిగుండది. పొద్దుగాల్నుంచి గూసోని మిక్సింగ్ జేసిన."

దుర్గాబాయి తల ఊపి, కానివ్వమంది.

గుడ్ మార్నింగ్ అయిపోయింది. వీపు వచ్చింది. మీగడ రంగు చొక్కా మీద చెమట మరక చిన్నగా మొదలై భుజాల దాకా పాకింది. "చొక్కా బాగుంది సార్, వెనక నుంచి," అన్నారెవరో. గోపాలరావు కూడా నవ్వాడు. అంతలో వీపు పోయి పిల్లలు వచ్చారు. గొంతు మాత్రం గోపాలరావుదే. అది గ్యాసు గురించి, పిస్టన్ గురించి గంభీరంగా చెబుతూ ఉంటే, తెర మీద ఒకడు జేబులోంచి పల్లీలు తీసి నోట్లో వేసుకుంటున్నాడు. ఇద్దరు పుస్తకం పేజీలు తిప్పుతూ క్రికెట్ ఆడుతున్నారు. అభిలాష్ అనేవాడు పెన్ను నిలువుగా పట్టుకుని, రాసుకుంటున్నట్టే కూర్చుని నిద్రపోతున్నాడు. ఎవరికీ అన్యాయం జరగలేదు, అందరికీ ఐదేసి సెకన్లు దక్కాయి.

"ఇది నా క్లాసు వీడియో కాదు మేడం," అన్నాడు గోపాలరావు. "నేను కనపడనే లేదు."

"మీరెట్ల కనపడ్తరు సార్," అన్నాడు స్టీఫెన్. "ఎంతసేపు తీసినా వీపే వస్తాంది."

అప్పుడు తెర మీదికి ఆమని వచ్చింది. మెకానికల్ రెండో ఏడాదిలో ఉన్నది ముగ్గురే ఆడపిల్లలు. వాళ్లలో ఈ అమ్మాయి శామీర్‌పేట నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది, మొదటి బెంచీలో కూర్చుంటుంది. కెమెరా ఆమె దగ్గర ఐదు సెకన్లకు కదలలేదు. ఆ తర్వాత కూడా కదలలేదు. ఎందుకని దుర్గాబాయి అడిగింది.

"ఏడ్వబోయే మొకం గనపడితే ఆడ ఆగాలె మేడం," అన్నాడు స్టీఫెన్. "అప్పగింతలప్పుడు అలవాటు."

తెర మీద ఆమని బోర్డు చూసింది, తన నోటు పుస్తకం చూసుకుంది, మళ్లీ బోర్డు చూసింది. చెయ్యి ఎత్తింది. "ఇది అందరికి తెలిసిందే, ముందుకు పోదాం," అంటోంది గోపాలరావు గొంతు. చెయ్యి దిగింది. కాసేపటికి మళ్లీ లేచింది. దిగింది. మూడోసారి సగం దాకా లేచి ఆగిపోయింది. అమ్మాయి పెన్నుకు మూత పెట్టింది. ఆ తర్వాత ఇక బోర్డు వైపు చూడలేదు. కిటికీలోంచి, గోడౌన్ దగ్గర రివర్సు తీస్తున్న లారీని చూస్తూ కూర్చుంది.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"కొంచెం వెనక్కి తిప్పు స్టీఫెన్," అన్నాడు గోపాలరావు. తిప్పాడు. చూశాక మళ్లీ తిప్పమన్నాడు.

సాయంత్రం ఇంట్లో సుశీల వీడియో ఎలా వచ్చిందని అడిగింది.

"పిల్లలు మంచిగొచ్చిన్రు," అన్నాడాయన.

రెండు రోజుల తర్వాత అదే క్లాసు, అదే పాఠం. దుర్గాబాయి చివరి బెంచీలో గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోపాలరావు గుడ్ మార్నింగ్ చెప్పాడు. బోర్డు వైపు తిరగబోయిన భుజాన్ని బలవంతంగా ఆపుకున్నాడు. ఎదురుగా యాభై రెండు ముఖాలు. కంఠతా వచ్చిన పాఠంలో మొదటి మాట ఆయనకు గుర్తుకు రాలేదు. ఇరవై మూడేళ్ల వయసులో మొదటి క్లాసు చెప్పడానికి వెళ్లినప్పుడూ ఇలాగే అయింది. అప్పుడు పాలిటెక్నిక్‌లో ఇంచుమించు తన ఈడువాళ్లే ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూస్తుంటే, భయంతో బోర్డు వైపు తిరిగాడు. తిరగ్గానే ప్రాణం తేలికపడింది. ఆ తేలికే అలవాటైపోయింది.

ఎట్టకేలకు ముఖం దొరికిందన్న సంతోషంతో స్టీఫెన్ దగ్గరికి లాగి తీస్తున్నాడు.

"ఆమనీ," అన్నాడు గోపాలరావు. "మొన్న చెయ్యెత్తినవు. ఏంది డౌటు?"

ఆమని బెదిరిపోయి లేచింది. "ఏం లేదు సార్."

"చెప్పమ్మా. మూడుసార్లు ఎత్తినవు. క్యాసెట్‌ల చూసిన."

అమ్మాయి కాసేపు గోళ్లు చూసుకుంది. "ఇంటర్ల కెమిస్ట్రీ పుస్తకంల గిదే ఫార్ములాల పని ముందల ప్లస్ ఉండె సార్. మీరేమో మైనస్ రాసిన్రు. ఏది కరెక్టో సమజ్ కాలే. గాడ్నే ఆగిపోయిన."

గోపాలరావు అభిలాష్‌ను పిలిచి సైకిల్ పంపు కొడుతున్నట్టు నిలబెట్టాడు. "వీడు గాలిని ఒత్తుతుండు. ఆ ఒత్తిన పనిని లెక్కబెడితే ప్లస్. అదే గాలి వీణ్ని వెనక్కి నెడితే, గాలి చేసిన పనిని లెక్కబెడితే మైనస్. రెండు పుస్తకాలు కరెక్టే. ఎవరి దిక్కు నిలబడి చూస్తున్నమనేదే తేడా."

"గింతేనా సార్," అంది ఆమని.

"ఇంతే. ఈ డౌటు ఇంక ఎంతమందికుండె?"

చేతులు ఒక్కొక్కటే లేచాయి. గోపాలరావు లెక్కపెట్టాడు. నలభై ఒకటి. అభిలాష్ కూడా ఎత్తాడు గానీ, "ఏ డౌటు సార్?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. గోపాలరావు నవ్వలేకపోయాడు. రెండు నిమిషాల మాట. ఏడాదికి నలభై మంది చొప్పున ఇరవై రెండేళ్లు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బెల్లు కొట్టేసరికి బోర్డు మీద ఉన్నవి రెండే రెండు వరసలు.

జనార్ధన్ రెండు క్యాసెట్లూ ఆఫీసులో వేయించుకుని చూశాడు. దుర్గాబాయిని పిలిపించాడు.

"మొదటి దాంట్ల బోర్డు మొత్తం నిండింది మేడం," అన్నాడు. "దీంట్ల చూడున్రి, ముప్పావు వంతు ఖాళీ జాగ. మస్తు పనిమంతుడుండె. గిదేం ట్రైనింగ్?"

"ఖాళీ ఉంటేనే కదండీ పిల్లలు అడుగుపెట్టేది," అంది దుర్గాబాయి.

జనార్ధన్ ఆలోచించాడు. "అంటే లేఅవుట్ల పార్కుకు జాగ ఇడిసిపెట్టినట్టా?"

"అలాగే అనుకోండి."

"గట్ల చెప్పున్రి మరి," అని ఆయన కుదుటపడ్డాడు. నవంబరులో కమిటీకి రెండో క్యాసెట్టే చూపించారు. కమిటీవాళ్లు దాన్ని ఐదు నిమిషాలు చూసి, టీ తాగి, లైబ్రరీలో బీరువాలు లెక్కపెట్టుకుని వెళ్లిపోయారు.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక రోజు గోపాలరావు స్టాఫ్ రూములోంచి దుర్గాబాయి ఇంటికి ఫోను చేశాడు.

"మేడం, పరేషాన్ అయితాంది. ఇప్పుడు ఎత్తిన చేతులు దిగుతలేవు. అభిలాష్ ఫ్రిజ్ వెనక ఎందుకు వేడిగ ఉంటదని అడిగి మూడు రోజులాయె, నేను చెప్పిన కొద్ది ఇంకోటి అడుగుతుండు. సిలబస్ ఒకటిన్నర చాప్టరు వెనకబడ్డ. ఆదివారం గూడ క్లాసు పెట్టిన. దీనికేమన్న ట్రైనింగ్ ఉందా?"

"ఉన్నట్టు నాకు తెలియదండి," అంది దుర్గాబాయి. "ఇంతకీ ఆ ఫ్రిజ్ వెనక ఎందుకండీ వేడిగా ఉంటుంది? మా ఇంట్లోనూ అంతే," అంది.

గోపాలరావు కాలితో స్టూలు దగ్గరికి లాక్కుని, కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.