కొంపాయ్ చక్రాలు

ఎవారిస్తోకి కుళ్ళు అనే జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. రుఫినో తన కారుకి కొత్త చక్రాలు వేయించుకొచ్చిన ఆదివారం నాడు అంటుకుంది. అంతకుముందు ఇద్దరూ కొరొసాల్ కొండమీద ఎదురెదురు ఇళ్ళలో, ఒకే ఏడాది తయారైన రెండు పాత కొరోలా కార్లతో, ఏ పొరపొచ్చాలూ లేకుండా బతికారు. ఎవారిస్తో కూతురు లిస్మారీకి జ్ఞానతండ్రి రుఫినోయే, ఆ పిల్ల అతన్ని 'పద్రినో' అంటుంది. చర్చిలో జ్ఞానస్నానమై ఆ పిల్ల నెత్తిన నీళ్ళు పడ్డ రోజు నుంచీ ఇద్దరూ ఒకరినొకరు 'కొంపాయ్' అనే పిలుచుకుంటున్నారు. ఆ ఊళ్ళో ఆ పిలుపు తోడబుట్టినవాళ్ళ వరసకి ఏమీ తీసిపోదు.

ఆ ఆదివారం రుఫినో కారు కొండెక్కి వస్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఐదు లావుపాటి స్పోకులు, ముఖం చూసుకోవచ్చుననిపించే మెరుగు, లోతైన అంచు. నలభై ఏళ్ళ కారు పెళ్ళికొడుకైపోయింది. ఎవారిస్తో చేతిలోని కప్పులో కాఫీ చల్లారిపోయింది.

"ఎలా ఉన్నాయి కొంపాయ్?" అని అడిగాడు రుఫినో, కారు దిగీ దిగకుండానే.

"బానే ఉన్నాయి. ఇక నీకు రోజంతా తుడుచుకోడమే పని."

"తుడుచుకుంటాలే. నాకు మాత్రం వేరే పనేముంది?" అని నవ్వాడు రుఫినో.

ఆ నవ్వు ఎవారిస్తోకి ఎక్కడో గుచ్చుకుంది. ఇంజను విషయానికొస్తే తన కారు ముందు రుఫినో కారు ఎందుకూ పనికిరాదు. సాలినాస్ రేసుల్లో పరుగెత్తించడానికని తను ముందు చక్రాల బ్రేకులు కూడా ఇంకో బరువైన కారువి తెచ్చి వేశాడు, పళ్ళెమంత డిస్కులు. కానీ వీధిలో జనం డిస్కులు చూస్తారా? మెరిసేదాన్ని చూస్తారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి కడుపులో మండేది.

అయినా అంతటితో పోయేదే. కానీ ఒకరోజు కందులు వేసిన అన్నం తింటూ లిస్మారీ మామూలుగా ఒక మాట అనేసింది. వచ్చే నెలలో ఆ పిల్లకి పదిహేనేళ్ళు నిండుతాయి. ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజంటే ఆ ఊళ్ళో సగం పెళ్ళితో సమానం. గౌను, చర్చి, విందు, డాన్సు, అన్నీ ఉంటాయి. తండ్రి కూతురి కాళ్ళకి మొదటిసారి హీల్సు తొడిగి, ఆ పిల్లతో మొదటి డాన్సు చేస్తాడు.

"నాన్నా, చర్చికి నేను పద్రినో కార్లో వెళ్తాను. ఫోటోల్లో బాగుంటుంది."

ఎవారిస్తోకి పొలమారింది. భార్య ఆవిల్దా నీళ్ళు అందించి, "ఏమైంది, కంది గింజ అడ్డం పడిందా, కొంపాయ్ అడ్డం పడ్డాడా?" అంది. ఆవిడకి మొగుడి మనసు అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది.

కన్నకూతుర్ని చర్చికి ఇంకొకడు తీసుకెళ్ళడమా! ఆ రాత్రి ఎవారిస్తో నిద్రపోలేదు. జ్ఞానతండ్రి జ్ఞానతండ్రే, కన్నతండ్రి కన్నతండ్రే. ఊరంతా చూస్తుండగా ఆ గౌను దిగాల్సింది తన కార్లోంచి. అతనికి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

వారం తిరక్కుండా అచ్చం అలాంటి చక్రాలే, అదే కొలత, వాడినవి ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. "పులిని చూసి నక్క వాత పెట్టుకుందట" అని ఆవిల్దా చీపురుతో ఇంకాస్త గట్టిగా ఊడ్చింది. టైర్ల షాపు పెద్దావిడ దోన్యా లూచి వాటికి టైర్లెక్కిస్తూ పెదవి విరిచింది.

"నాయనా, ఇవి రుఫినో కారుకి పట్టాయంటే వాడివి చిన్న బ్రేకులు. నీవి పెద్దవి. స్పోకులు వెళ్ళి కాలిపర్‌కి తగుల్తాయి."

"ఎందుకు తగుల్తాయి? వాడికి పట్టినవి నాకు పట్టవా?"

"పట్టుదలతో పట్టేవి కావు ఇవి. వేసి, తిప్పి చూసుకో. తిప్పకుండా మాత్రం కారు కిందికి దించకు."

ఇంటికొచ్చి జాకీ మీద కారు లేపాడు. ఆ విద్య అతనికి కొత్తదేం కాదు. డిస్కుని రెండు పక్కలా పట్టుకుని నొక్కే ఇనుప దవడే కాలిపర్. దాని బయటి ముఖం మీద పిల్లలు ఆడుకునే మైనపు మట్టి ముద్ద అంటించి, చక్రం బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, విప్పి చూశాడు. స్పోకు నొక్కగా మిగిలిన మట్టి రెండు నాణేల మందం ఉంది. అంటే స్పోకుకీ కాలిపర్‌కీ మధ్య అంత సందు ఉన్నట్టే. ఎవారిస్తో ఆ మట్టి బిళ్ళని తీసుకుని వంటింట్లోకి పరుగెత్తి, భార్యకి బంగారు కాసు చూపించినట్టు చూపించాడు.

"చూశావా? పట్టాయి!"

"మట్టి తెచ్చి నా గట్టు మీద పెట్టకు" అంది ఆవిల్దా.

రుఫినో వచ్చి చూసి మనస్ఫూర్తిగా సంతోషించాడు. "అబ్బో, కవల పిల్లల్లా ఉన్నాయి కదా కొంపాయ్!" అని కారు చుట్టూ తిరిగాడు. అదీ ఎవారిస్తోకి కంపరంగానే ఉంది. వాడికి కాస్తయినా కుళ్ళు పుడితే తన డబ్బుకి న్యాయం జరిగేది.

"సందు ఎంతుంది?" అని అడిగాడు రుఫినో వంగి చూస్తూ.

"కావలసినంత."

లిస్మారీ కూడా చూసి, "సరేలే నాన్నా, నీ కార్లోనే వెళ్తాను" అంది. మారాం చేసే చంటాడికి బిస్కెట్టు ఇచ్చినట్టు ఉంది ఆ అనడం. ఎవారిస్తో ఆ బిస్కెట్టు ఆనందంగా తీసుకున్నాడు.

పుట్టినరోజు పొద్దున్నే అతనికి ఒక భయం పట్టుకుంది. కొండ దిగే దారి వాలు, మలుపులు. కాలిపర్ దవడల మధ్య ఉండే బ్రేకు ప్యాడ్లు అరిగి ఇనుము దాకా వచ్చేశాయి. తనొక్కడే అయితే ఇంకో నెల లాగించేవాడు, కానీ ఇవాళ కార్లో కూర్చునేది లిస్మారీ. చక్రాలు విప్పి కొత్త ప్యాడ్లు వేశాడు. ఈలోగా ఆవిల్దా కేకలు: ఐసు రాలేదు, కుర్చీలు తక్కువయ్యాయి, కాల్చిన పంది తెచ్చేవాడు దారి తప్పాడు. ఎవారిస్తో చక్రాలు బిగించి, కారు కిందికి దించి, బ్రేకు పెడల్‌ని నాలుగుసార్లు తొక్కాడు. గట్టిగా ఉంది. చేతులు కడుక్కుని కుర్చీలకి పరుగెత్తాడు. చక్రం ఒక్కసారి తిప్పి చూడలేదు. మొన్న కొలిచిందే కదా.

మధ్యాహ్నం దాటాక లిస్మారీ గులాబీ రంగు గౌనులో బయటికొచ్చింది. ఆ గౌను కారు వెనక సీట్లో సర్దడానికి నలుగురు ఆడవాళ్ళు కావలసి వచ్చారు. వీధంతా నిలబడి చూస్తోంది. ఎవారిస్తో తెల్ల చొక్కా వేసుకుని, రాజుగారిలా స్టీరింగు ముందు కూర్చుని, ఎదురింటి గుమ్మంలో ఉన్న రుఫినోని ఓ చూపు చూసి, కారు కదిలించాడు.

కర్ర్ర్... కర్ర్ర్...

ముందు చక్రాల్లోంచి ఇనుము అల్యూమినియాన్ని కొరికే చప్పుడు. కుక్కలు మొరిగాయి. ఎవరో పిల్ల చెవులు మూసుకుంది. కారు రెండు గజాలు కూడా పోలేదు.

దిగి వంగి చూడకముందే అతనికి అర్థమైపోయింది. ఈ రకం కాలిపర్ ఒకచోట బిగించి ఉండేది కాదు, పక్కకి జరిగేది. ప్యాడ్లు అరిగేకొద్దీ అది కొంచెం కొంచెంగా లోపలికి జరుగుతుంది. కొత్త ప్యాడ్లు వేస్తే వాటి మందం దాన్ని మళ్ళీ బయటికి, చక్రం వైపు నెడుతుంది. ఆ రెండు నాణేల సందు అరిగిన ప్యాడ్లు ఇచ్చిన అప్పు. బిడ్డ క్షేమం కోసం కొత్తవి వేసి, తనే ఆ సందు మింగేశాడు.

"నాన్నా, ఏమైంది?"

"ఏం లేదమ్మా. ఒక్క నిమిషం."

డిక్కీలో స్పేసర్లున్నాయి. చక్రాన్ని కాస్త బయటికి జరపడానికి వెనక పెట్టే అల్యూమినియం బిళ్ళలు. ఒకవైపు కారు లేపి, చక్రం విప్పి, బిళ్ళ పెట్టి, మళ్ళీ చక్రం ఎక్కించి నట్టు తిప్పాడు. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. బిళ్ళ మందానికి బోల్టు పొట్టిదైపోయింది, నట్టు పట్టుకోడానికి మర మిగల్లేదు. అంత కొస పట్టు మీద చక్రం ఎంత దూరం నిలుస్తుంది? కొండ దిగేదాకా నిలవొచ్చు. నిలవకపోనూ వచ్చు. కిందే కదా చర్చి, అంది అతని లోపలి కుళ్ళు. నెమ్మదిగా పోతే సరి, అంది. ఎవారిస్తో రెండో నట్టు చేతిలోకి తీసుకున్నాడు.

పక్కన రుఫినో బూట్లు కనబడ్డాయి.

"కొంపాయ్, నా కారు తియ్యమంటావా?"

"దీనికోసమేగా ఇన్నాళ్ళూ కాచుక్కూర్చున్నావు!" అని అరిచాడు ఎవారిస్తో. వీధంతా విన్నది. "నా కారు ఆగిపోతే చూద్దామనేగా! పో, తీసుకుపో! నా పిల్లని నువ్వే ఊరేగించు!"

రుఫినో వంగి ఆ నట్టుకేసి చూశాడు.

"రెండు మరలేనా పట్టింది?"

"నీకెందుకు?"

"లోపల కూర్చుంది నీకొక్కడికే పిల్ల కాదు. అందుకు."

ఎవారిస్తో చేతిలో నట్టు ఉండిపోయింది. కాసేపటికి దాన్ని కింద పడేసి, నేల మీదే కూర్చుండిపోయాడు. సిగ్గు, కోపం, కారు నూనె, అన్నీ కలిసి ఒళ్ళంతా అంటుకున్నట్టుంది. రుఫినో అతని అరచేతిలో తన తాళంచెవి పెట్టాడు.

"నువ్వే నడుపు. తండ్రి నడపాలి. నేను వెనక గౌను పట్టుకుని కూర్చుంటాను. లే, పాదిరీ ఎదురుచూస్తుంటాడు."

నలుగురు ఆడవాళ్ళు మళ్ళీ గౌను మోశారు. ఆవిల్దా మొగుడి చొక్కా మీది నూనె మరక చూసి, చేతిరుమాలుతో ఓసారి రుద్ది వదిలేసింది. తను పక్కింటావిడ కారెక్కింది.

రుఫినో కారు కొండ దిగుతుంటే వెన్నలా పోతోంది. స్టీరింగు తేలిక, మలుపులో ఒక్క కిర్రు లేదు. ఎవారిస్తో చచ్చినా ఒప్పుకోడు గానీ తన కారుకన్నా బాగుంది. ఆ బాగుండడానికి మళ్ళీ ఒళ్ళు మండింది.

"ఎలా ఉంది నాన్నా బండి?" అంది లిస్మారీ.

"బ్రేకు కాస్త మెత్తగా ఉంది."

వెనకనుంచి నవ్వు వస్తుందని అనుకున్నాడు. రాలేదు. అద్దంలోకి చూశాడు. రుఫినో సీటు మూలకి ఒదిగి, గౌను కుచ్చిళ్ళు నలగకుండా రెండు చేతుల మీదా ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. లిస్మారీ కిటికీలోంచి ఎవరికో చెయ్యూపుతోంది. రుఫినో ఆ పిల్లనే చూస్తున్నాడు. ఎవారిస్తో ఆ చూపుని గుర్తుపట్టాడు. ఇన్నాళ్ళుగా తను వీధికి ఇవతలి నుంచి ఆ చక్రాలకేసి చూసిన చూపు అదే.

రుఫినోకి పిల్లల్లేరు. ఆ మాట ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. లిస్మారీ మొదటి అడుగులకీ, మొదటి సైకిలుకీ, ప్రతి పుట్టినరోజుకీ వచ్చి, కేకు తిని, వీధి దాటి ఖాళీ ఇంట్లోకి వెళ్ళేవాడు. పదిహేనేళ్ళు అవతలి గుమ్మంలోంచి ఆ మనిషి ఏం చూశాడో, ఒక్కనాడైనా తనలా కుళ్ళుకున్నాడో లేదో అని, ఎవారిస్తో ఇప్పుడు ఆలోచించాడు. తనైతే చక్రాలకే ఇంత గింజుకున్నాడు. తర్వాతి రెండు మలుపులూ వెనక గౌను జారకుండా నెమ్మదిగా తిప్పాడు.

చర్చి ముందు కారు ఆగింది. ఎవారిస్తో దిగి, తలుపు తీసి, కూతురికి చెయ్యి అందించాడు. కోరుకున్నంత జనం ఉన్నారు, అందరూ చూస్తున్నారు. రుఫినో గౌను కింద పడకుండా దించి, తన వంతు అయిపోయినట్టు వెనక్కి తగ్గి కారు పక్కన నిలబడ్డాడు.

ఎవారిస్తో రెండడుగులు వేసి ఆగాడు. ఆ మాట అనడం అతనికి పంటి కింద రాయి నమలడమంత పని అయింది.

"కొంపాయ్, రా. ఆ రెండో చెయ్యి పట్టుకో."

"నేనా?"

"లోపలిదాకా. కానీ చెప్తున్నా, హీల్సు తొడిగేది నేనే. మొదటి డాన్సూ నాదే."

"రా పద్రినో, ఎండలో నాకు మొహం కరిగిపోతోంది" అని లిస్మారీ చెయ్యి చాపింది.

రుఫినో అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. మొదటి మెట్టు మీదే అతనికి ఏడుపొచ్చేసింది. ఎవారిస్తోకి అదీ నచ్చలేదు. తనకన్నా ముందు ఏడ్చినందుకు.