పెరట్లో పోసిన వేడి

నూజివీడు చుట్టుపక్కల ఊళ్లలో ఏసీ కొన్నవాడు ముందు చుట్టాలకు చూపిస్తాడు, ఆ తర్వాతే వేసుకుంటాడు. కాపు బాగా వచ్చిన ఏడు కొనడం, కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమని దాని మీద గుడ్డ కప్పడం, అల్లుడొస్తే ఆ గుడ్డ తీయడం. ఇదీ వరస. ఆగిరిపల్లి దగ్గర నాగేశ్వరమ్మ ఇంట్లోకి ఏసీ అలా రాలేదు. ఆమె మొగుడు బతకాలంటే అది ఉండి తీరాలి గనక వచ్చింది.

హనుమయ్య రెండేళ్ల కిందట సొంత మామిడితోటలో సొంత చెట్టు మీంచి పడ్డాడు. చిక్కం కర్రకు అందని కాయ కోసం కొమ్మ చివరిదాకా పాకే రకం ఆయన. "ఈ వయసులో మీరెక్కకపోతే ఏం, కోసేవాళ్లు లేరా" అని భార్య ఏటా పోరేది. "నా చెట్టు నన్ను పడేస్తుందా ఏంటే" అని ఆయన ఏటా నవ్వేవాడు. మెడ దగ్గర ఎముక విరిగింది. భుజాల కింద కాళ్లూ చేతులూ ఉన్నాయన్న మాటే గానీ అవి ఆయన మాట వినడం మానేశాయి. బెజవాడ డాక్టరు ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ మనిషికి ఇక చెమట పట్టదు, వణుకు రాదు. గది వేడెక్కితే ఒళ్లూ వేడెక్కుతుంది, గది చల్లబడితే ఒళ్లూ చల్లబడుతుంది. ఎండాకాలం ఒక్క పూట ఆదమరిస్తే ప్రాణానికే ముప్పు. నాగేశ్వరమ్మకు అది మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

అందుకని వేడీ చల్లనా రెండూ ఇచ్చే ఏసీ తెచ్చి, ఇంటి వెనక కొట్టుగదిలో పెట్టించారు. ఏటా వరిగడ్డి పరిచి కాయలు మాగేసే గది అది. చిన్నది, ఒక్కటే కిటికీ, చల్లదనం నిలుస్తుంది. గడ్డి ఊడ్చేసి మంచం వేశారు. నూతిలో నీళ్లు తోడినట్టు ఆ యంత్రం గదిలో వేడిని తోడి పెరట్లో పోస్తుంది. చలికాలం తెల్లవారుజామున అదే పని తిరగేసి, బయటి గాలిలో ఉన్న కాస్త వెచ్చదనాన్నీ ఏరుకొచ్చి మంచం మీద పోస్తుంది. ఎప్పుడు తోడాలో, ఎప్పుడు పోయాలో చెప్పాల్సింది నాగేశ్వరమ్మ. ఆమె థర్మామీటరు చూసేది, దాని మీద నమ్మకం చాలక మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది, అప్పుడు రిమోటు నొక్కేది. వాళ్లకు పిల్లలు లేరు. ఉన్న ఇద్దరూ ఒకరికొకరు పిల్లలే.

కొత్త గేదెను మచ్చిక చేసుకున్నట్టు ఆమె ఆ యంత్రాన్ని మచ్చిక చేసుకుంది. వారం వారం జాలీలు ఊడదీసి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టేది. పూత కాలంలో చెట్ల మీద పురుగు కార్చే తేనెబంక గాలికి వచ్చి పెరట్లో ఉన్న ఏసీ పెట్టె రేకులకు అంటుకునేది, ఆ బంక మీద రోడ్డు దుమ్ము అంటుకునేది. స్విచ్చి కట్టేసి, మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి తుడిచి, చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోసేది. మొదటి ఏడు మరిది సంతోష్ కుమార్ వచ్చి, "ఇంతసేపు ఎందుకొదినా, తప్పుకో" అని తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ తెచ్చి బుస్సుమని కొట్టాడు. సన్నటి రేకులన్నీ పడుకున్నాయి. పనిమంతుడు పందిరి వేస్తే కుక్క తోక తగిలి కూలిందట. ఆమె ఒక పూటంతా కూర్చుని ఒక్కో రేకునూ పాత దువ్వెనతో నిలబెట్టింది. కిటికీలోంచి హనుమయ్య గొంతు వినపడింది.

"కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఒక్కనాడన్నా నాకు తల దువ్వావటే? దానికి దువ్వుతున్నావు."

"దువ్వడానికి మీకు జుట్టేదండీ!"

లోపల ఆయన నవ్వు, నవ్వు వెనకే దగ్గు. మెడ పైన హనుమయ్య పూర్వపు హనుమయ్యే. ఊపిరే పలచబడింది. నాలుగు మాటలకోసారి ఆగి గాలి తెచ్చుకునేవాడు. గొంతు తలుపు దాటేది కాదు.

ఆయనకు బాధ ఒక్కటే. మంచం మీద పడ్డందుకు కాదు, భార్యకు ఒక్క పనికీ సాయపడలేనందుకు. ఆమె చెంచాతో నీళ్లు తాగిస్తుంటే మొహం పక్కకు తిప్పుకుని, "మనిషినై పుట్టి నీకు చేసిపెట్టే పని ఒక్కటీ లేకపోయిందే" అనేవాడు. ఆమె విననట్టు మూతి తుడిచేది.

ఆయన పడ్డది చిన్నరసం చెట్టు మీంచి. నాగేశ్వరమ్మకు దాన్ని చూస్తే ఒళ్లు మండేది. కొట్టించేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. మొదటి ఏడు దాని కాయ ముట్టుకోకుండా నేల రాలనిచ్చింది. ఈ ఏడు ఆయనే నోరు తెరిచి అడిగాడు.

"బజార్లో పండు పైన పసుపు, లోపల పులుపు. పొడి వేసి పండించిందాన్ని పండంటారా? ఈ ఏడన్నా మన చెట్టు కాయ మాగేసి పెట్టవే. రసం జుర్రుకోవాలని ఉంది."

ఎన్నడూ ఏదీ అడగని మనిషి అడిగాడు. ఆమె పగ మర్చిపోయి ముచికతో సహా కాయ కోయించింది. మరి మాగేయడం ఎక్కడ? మాగేసే గదిలో మొగుడున్నాడు. వసారాలో పెడితే వారం పైన పడుతుంది, ఈలోగా కాయ ముడతలు పడుతుంది. అప్పుడామెకు పెరట్లో పెట్టె గుర్తొచ్చింది. పొద్దస్తమానం వేడిగాలి వదులుతూనే ఉంటుంది గదా. ఆ గాలికి ఒడియాలు పూటలో ఎండేవి. ఊరికే పోయే దేన్నీ పోనివ్వని చెయ్యి ఆమెది. ఒక ట్రేలో గడ్డి వేసి కాయలు పేర్చి, పెట్టెకు ఓ పక్కగా ఉంచింది. మూడో నాటికి ముక్కు పుటాలు అదిరే వాసన.

పండును రెండు చేతుల్లో నలిపి, ముచిక తీసి, ఆయన పెదాల దగ్గర పెట్టి పిండింది. హనుమయ్య కళ్లు మూసుకుని జుర్రాడు. గడ్డం మీదా మెడ మీదా రసం కారింది. మెడ దాటాక ఆయనకు తెలియలేదు, ఆమె తుడిచింది. "ఇంకోటి" అన్నాడు. రెండేళ్లలో ఆయన ఇంకోటి అనడం అదే మొదలు. ఆమె వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషానికి కూడా ఏడుపొస్తుందని ఆ రోజు తెలిసింది.

ఆ సంతోషమే కొంప ముంచింది. రెండో దఫా ఆమె ఒక్క ట్రేతో ఊరుకోలేదు. పెట్టెకు మూడు పక్కలా ట్రేలు పేర్చింది, సందుల్లో గడ్డి కూరింది. కాయ మాగాలంటే గాలి తగలకూడదు, వేడి బయటికి పోకూడదు. ఇది ఆమె పుట్టింటిలో నేర్చిన విద్య, అత్తింటిలో మెప్పు పొందిన విద్య. అందుకని పైన రెండు గోనెపట్టాలు కప్పి అంచులు బిగించింది. అన్నేళ్లు కాయలు మాగేసిన చెయ్యి అలా కప్పకుండా ఎలా ఉంటుంది? యంత్రం తోడిన వేడి పోవడానికి దారి లేకుండా పోయిందని, పోసే చోటు లేకపోతే తోడడమూ ఆగిపోతుందని ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. దాని రేకులు దువ్వి నిలబెట్టిన మనిషికే తట్టలేదు.

ఆ మర్నాడు కాపు కొన్న షావుకారు మనుషులు బంగినపల్లి కోతకు వచ్చారు. ఇంటి మనిషి దగ్గర లేకపోతే కొమ్మలు విరిచేస్తారు. ఆమె మొగుడి నుదురు చూసింది, ఎండ ఇంకా ఎక్కలేదు, గది చల్లగానే ఉంది. పక్కింటి బసవమ్మను వసారాలో కూర్చోబెట్టి, "పిన్నీ, తలుపు మాటిమాటికీ తీయకు, చల్లదనం పోతుంది" అని చెప్పి వెళ్లింది.

బసవమ్మ మంచిది, చెప్పిన మాట జవదాటలేదు. మధ్యలో ఒకసారి తలుపు ఓరగా తీసి చూసింది. ఏసీ లైటు మిణుకుమిణుకుమంటోంది, గాలి వస్తోంది, మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. హాయిగా నిద్రపోతున్నాడనుకుని చప్పుడు కాకుండా తలుపు మూసింది. వస్తున్నది ఉత్త గాలి అనీ, ఆ లైటు అలా మిణుకుమనకూడదనీ ఆమెకు ఎవరు చెప్పారు?

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాగేశ్వరమ్మ తిరిగొచ్చింది. తలుపు తీయగానే మొహాన ఆవిరి కొట్టింది. హనుమయ్య మొహం కందగడ్డలా ఉంది. నుదురు ముట్టుకుంటే పెనం. ఒక్క చెమట చుక్క లేదు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. "పిన్నీ, నీళ్లు! సంతోషుని పిలువు!" అని కేక వేసి, దుప్పటి తడిపి కప్పి, ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా చంకల్లో పెట్టి, పెరట్లోకి పరుగెత్తింది. పెట్టె సెగలు కక్కుతోంది. గోనెపట్టాలు చేత్తో పట్టుకున్నాక గానీ తను చేసిన పని ఆమెకు తెలియలేదు. పట్టాలు లాగి పారేసింది, ట్రేలు తన్నింది, కాయలు పెరడంతా దొర్లాయి. వాటి మధ్య నిలబడి ఉండగానే సంతోష్ కుమార్ వచ్చాడు. కాయలనూ చూశాడు, పట్టాలనూ చూశాడు, వదిన మొహమూ చూశాడు. 108కి ఫోన్ చేశాడు.

బెజవాడ ఆస్పత్రిలో ఒంటి వేడి దిగింది గానీ లోపల జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని డాక్టర్లు చెప్పారు. మర్నాడు ఆయనకు తెలివి వచ్చింది. ముందు తమ్ముణ్ని లోపలికి పంపారు. అతను బయటికి వచ్చి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకటే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏసీలో కెపాసిటర్ పోయిందండీ. ఎవరి చేతుల్లో ఉంది చెప్పండి?"

వరండాలో కూర్చున్న నాగేశ్వరమ్మకు ఆ మాట వినపడింది. ఆమె ఒక నిశ్చయానికి వచ్చి ఉంది. ఊళ్లో ఎవరికి తెలిసినా తెలియకపోయినా, మొగుడికి తనే చెప్పాలి. ఆయన కాళ్ల మీద పడాలి. ఆ కాళ్లకు తెలియదు, అయినా పడాలి. ఆయన తిడితే బాగుండును. ఎన్నడూ తిట్టని నోటితో ఆ ఒక్కసారి తిట్టించుకుంటే గానీ తను బతకలేదు. అలా అనుకుంటూ మంచం దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, మీతో ఒక మాట..."

"కెపాసిటరంటగా" అన్నాడు హనుమయ్య. ఆ మాటకే ఆయాసం వచ్చింది. ఆగి గాలి తెచ్చుకున్నాడు. "సంతోష్ చెప్పాడు. పాడు సరుకు... అంటగట్టారే మనకి."

ఆమె నోరు తెరిచింది. ఆయన ఆమెను మాట్లాడనివ్వలేదు. ఒక్కో మాటకూ గుండె ఎగదన్నుకొస్తుంటే, ఉన్న కాస్త ఊపిరినీ దానికే ఖర్చు పెట్టాడు.

"నువ్వు... ఎంత బాగా చూశావు దాన్ని. దువ్వి మరీ చూశావు. నీ తప్పు... ఇసుమంత లేదు. ఎవరన్నా ఏదన్నా అంటే... నా మాటగా చెప్పు. కెపాసిటరని."

హనుమయ్యకు అబద్ధం చెప్పడం చేతకాదు. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే ఆమె అది కనిపెట్టింది. అబద్ధం చెప్పేటప్పుడు ఎదుటి మనిషి మొహంలోకి చూడలేడు, ఇంటి కప్పు చూస్తాడు. ఇప్పుడూ ఆస్పత్రి కప్పు వంక చూస్తూనే చెప్పాడు. చెప్పడం అయ్యాక చూపు దించి ఆమె మొహంలోకి చూశాడు. పరీక్ష రాసిన పిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు.

ఆమె గొంతు దాకా వచ్చిన మాటను మింగింది. అంత కష్టమైన పని ఆమె ఆ రెండేళ్లలో చేయలేదు.

"అవునంటండీ. కెపాసిటరేనంట. కంపెనీవాళ్లని ఊరికే వదలకూడదు."

ఆయన మొహం విప్పారింది. కోతంతా అయ్యి లోడు సాగనంపి ఇంటికొచ్చిన రోజు ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు. "మంచినీళ్లు పట్టు" అన్నాడు. ఆమె చెంచాతో పట్టింది. ఆ పూట మొహం పక్కకు తిప్పుకోలేదు. ఆ మర్నాడు పొద్దున్నే పోయాడు.

పెద్దకర్మ అయ్యి, వచ్చినవాళ్లంతా వెళ్లాక, సంతోష్ కుమార్ పెరట్లోకి వచ్చి వదిన పక్కన చప్టా మీద కూర్చున్నాడు. చాలాసేపు నేల గీకాడు. వాడి పొట్టలో మాట దాగదు.

"వదినా, కెపాసిటర్ పోలేదు."

"తెలుసయ్యా."

"నేను కావాలని అబద్ధం ఆడలేదు. ఆ రోజు అన్నయ్య, పెరట్లో ఏం చూశావు, దాచకుండా చెప్పమని ఒట్టు వేయించుకున్నాడు. చెప్పాను. 'మీ వదినకి ఈ సంగతి తెలిస్తే బతకదురా, కెపాసిటరని చెప్పు' అన్నాడు. నీకు తెలీదనుకునే పోయాడు వదినా."

"అదీ తెలుసు. నా చేతులతోనే చంపుకున్నాను. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు."

సంతోష్ కుమార్ తలెత్తి చూశాడు. "మరి ఒక్క మాట చెప్పుకుంటే నీ మనసన్నా తేలికపడేది కదా. క్షమించాను అనేవాడు కదా. ఎందుకు చెప్పలేదు?"

ఏడ్చి ఏడ్చి నాగేశ్వరమ్మ గొంతు కూడా పలచబడింది. ఆమె కూడా మాటకోసారి ఆగి గాలి తెచ్చుకుంటోంది.

"నీకు చేసిపెట్టే పని ఒక్కటీ లేకపోయిందే అని రెండేళ్లూ కుమిలిపోయారయ్యా మీ అన్నయ్య. చెయ్యి లేపలేని మనిషి, ఆఖర్న నా కోసం ఒక్క పని చేశారు. అది కూడా చెడగొట్టమంటావా?"