ఊఁకొట్టిన మనిషి

చొక్కా భుజాల మీద హోదా పట్టీలు తగిలించుకుంటూ ఆయన వంటింటి వైపు తిరిగేసరికి, భార్య సింకు దగ్గర అటు తిరిగి నిలబడి ఏదో చెబుతోంది. కుళాయి పారుతోంది. ఆమె భుజం కొంచెం కదిలింది. మాట పూర్తయినట్టు తల ఒక పక్కకి వాలింది.

"ఊఁ" అన్నాడాయన.

ఆమె కుళాయి కట్టేసి, తడిచేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. "ఊఁ అంటే సరేననా?" ఈసారి మాట పెదవుల మీద స్పష్టంగా కనిపించింది.

"సరే. నాకేం అభ్యంతరం?" అని టీ తాగేసి బయల్దేరాడు. ఆమె గుమ్మం దాకా వచ్చింది. మామూలుగా రాదు. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉండటం అద్దంలో కనిపించింది. ఎందుకా అనుకుంటూండగానే రేవు గేటు వచ్చేసింది.

ఆ రేవులో యుద్ధనౌకల ఇంజన్లన్నిటి మీదా ఆయనే పెద్ద. కమొడోర్. వెనకాల మాత్రం అందరూ "ఊఁ సార్" అంటారు. ఎవరేం చెప్పినా ఊఁకొట్టి ఊరుకుంటాడు కాబట్టి గంభీరమైన మనిషని పేరు కూడా వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన పనంతా నీటిమట్టానికి దిగువన, ఇంజన్ గదిలో. చుట్టూ ఇనుము, నూనె వాసన, చొక్కా పిండితే నీళ్లు కారే ఉక్క. చెవులకి పెట్టుకోమని మూతలిచ్చేవారు. వాటిని మెడలో వేలాడేసుకునేవాడు. ఇంజన్ గొంతు మారితే ముందు తన చెవికే తెలియాలని పంతం. చెవులు కూడా అరిగిపోతాయని ఆ వయసులో తోచలేదు. లెఫ్టినెంట్ అయ్యాడు, కమాండర్ అయ్యాడు, కెప్టెన్ అయ్యాడు. హోదా పెరిగినకొద్దీ ఇంజన్ గదిలోంచి డెక్కు మీదికి, అక్కణ్ణుంచి ఒడ్డుకి, ఒడ్డునుంచి కిటికీ ఉన్న మేడగదిలోకి వచ్చాడు. వచ్చేసరికి లోకంలోని సన్నటి చప్పుళ్లన్నీ రాలిపోయాయి. మగవాళ్ల బొంగురు గొంతులు వినిపిస్తాయి. పిట్టలూ పిల్లలూ ఆడవాళ్లూ వినిపించరు. ఏటా జరిగే చెవి పరీక్షలో, మీట నొక్కే మనిషి వేలిని అద్దంలో చూసి చెయ్యెత్తి గట్టెక్కేవాడు. బయటపడితే ఓడ ఎక్కనివ్వరు. ఓడ ఎక్కకపోతే పైకి రావడం అక్కడితో సరి.

భార్యది సన్నటి గొంతు. సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఆ గొంతే తలుచుకునేవాడు.

ఒకసారి ఆమె ఏదో చెబితే "మంచిదేగా" అన్నాడు. ఆమె చాలాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. మామగారు ఆస్పత్రిలో చేరారని మర్నాడు బావమరిది వచ్చి చెబితే గానీ తెలియలేదు. అప్పట్నుంచి "మంచిదే" మానేసి ఊఁ పట్టుకున్నాడు. అది దేనికైనా అతుకుతుంది. ఉన్న సంగతి ఆమెకైనా చెప్పేయాలనుకున్న రోజులున్నాయి. చెబితే, మరి ఇన్నాళ్లూ దేనికి ఊఁకొట్టారని అడుగుతుందేమోనని జంకు.

ఆ ఉదయం మరమ్మతు ముగిసిన ఓడలో ఇంజన్ నడిపి చూడాలి. ఆయన వెళ్లనక్కర్లేదు, కింది అధికారులున్నారు. అయినా వెళ్లి, నిట్టనిలువు మెట్లు మెల్లగా దిగాడు. ఇంజన్ అందుకోగానే అందరి మాటలూ మునిగిపోయాయి. చీఫ్ నావికుడు బొటనవేలు పైకెత్తాడు. ఇంకొకడు అరచెయ్యి ఆడించాడు. అక్కడ ఎవరికీ ఎవరి మాటా వినపడదు, అందరూ చేతులతోనే చెప్పుకుంటారు. ఆయన కూడా చెయ్యూపి నవ్వాడు. పనైపోయినా కాసేపు ఇంజన్ పై ఇనుముకి అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం అడ్మిరల్‌గారు అధికారులను పిలిపించారు. గొంతు పట్టేసిందేమో, టీ కప్పులోకి చూస్తూ ఏదో గొణిగారు.

"ఊఁ" అన్నాడీయన.

అంతలో అందరూ లేచి వచ్చి చెయ్యి కలపడం మొదలుపెట్టారు. పక్కన కూర్చున్న సరఫరా అధికారి గొంతు నగారాలాంటిది. "రియర్ అడ్మిరల్ అయినా ఊఁ యేనా సార్? కాస్త నవ్వండి."

తనకి పై హోదా వచ్చిందని అప్పుడు తెలిసింది. నవ్వాడు. ఇంటికెళ్లి భార్యకే ముందు చెప్పాలనుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి, క్వార్టర్లలో కరెంటు పనులు చూసే ఎలక్ట్రీషియన్ సంచీ పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లేచి తాళంచెవి ఇచ్చాడు.

"అమ్మగారు మీ చేతికే ఇమ్మన్నారండి. మధ్యాహ్నమే వెళ్లిపోయారు."

'ఎక్కడికి' అనబోయి ఆయన ఆగాడు.

"పొద్దున మీతో చెప్పారట కదండీ. మీరు సరేనన్నారట."

"అవును. చెప్పింది."

"మళ్లీ ఎప్పుడొస్తారండీ? వెనకగదిలో ఫ్యానొకటి చూడాలి, ఆవిడున్నప్పుడైతే బాగుంటుందని."

అది కూడా పొద్దున చెప్పే ఉంటుంది.

తలుపు తీశాక ఎలక్ట్రీషియన్ హాల్లో కుర్చీకెదురుగా గోడ మీద ఎర్రబల్బు చూపించాడు. "ఇదే ఇవాళ పెట్టించారు. బయట బెల్లు నొక్కితే ఇక్కడ వెలుగుతుంది. ఆయనకి వినపడదు, ఇక తలుపు తీయడానికి ఇంట్లో ఎవరూ ఉండరు అన్నారండి." కాస్త తటపటాయించి అడిగాడు. "ఎప్పట్నుంచండీ మీకు?"

"చాలా ఏళ్లయింది" అన్నాడాయన. ఆ మాట బయటికి అనడం అదే మొదలు.

అతను వెళ్లాక పడకగదిలో బీరువా తెరిచాడు. ఆమె అరలు ఊడ్చినట్టు ఖాళీగా ఉన్నాయి. చలికోట్లు కూడా లేవు.

ఫోన్ చేశాడు. ఆమె ఎత్తినట్టు తెర మీద కనిపించింది. దారప్పోగులాంటి చప్పుడేదో వచ్చి తెగిపోయింది.

"నువ్వు పొద్దున చెప్పింది నాకు వినపడలేదు" అన్నాడు. "పొద్దునే కాదు. ఇన్నేళ్లూ వినపడలేదు. నీకు తెలుసనుకోలేదు. మళ్లీ చెప్పు, ఈసారి గట్టిగా."

ఫోన్ చెవికి అదుముకున్నాడు. ఆమె మాట్లాడుతోందో, ఊరుకుందో, ఏడుస్తోందో తెలియలేదు. అయినా ఊఁ అనలేదు. కొంతసేపటికి తెర ఆరిపోయింది. రియర్ అడ్మిరల్ సంగతి చెప్పాలని గుర్తే రాలేదు.

చీకటి పడుతోంది. తలుపు బార్లా తెరిచి, బయటికొచ్చి, గుమ్మం పక్కన బెల్లు మీట మీద వేలు పెట్టి నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. లోపల, ఖాళీ కుర్చీకెదురుగా, ఎర్రబల్బు వెలిగింది.