మేనకోడలి సంతకం

కరెంటు ఆఫీసు కొలతల విభాగంలో ఆమెది పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఎక్కడ వోల్టేజీ పడిపోయినా, ఏ ట్రాన్స్‌ఫార్మర్ వింతగా మూలిగినా కొలిచే యంత్రం భుజాన వేసుకుని ఆమే వెళ్ళేది. ఆ చెవి, ఆ ఓపిక మేనమామ పెట్టిన భిక్ష. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, చెంచాతో బల్ల మీద కొడుతూ, పొట్టి పొడుగు చప్పుళ్ళతో అక్షరాలు పలికే మోర్స్ కోడ్ నేర్పాడు. వీధిలో అందరికీ ఆయన టకటక మావయ్యే.

మోకాళ్ళు మొరాయించాక ఆయన దుకాణం మూసేసి, మూడో అంతస్తు గదిలో, దూరాన ఉన్నవాళ్ళతో ముచ్చటించే హామ్ రేడియో ముందు స్థిరపడిపోయాడు. రోజూ పొద్దున ఆరున్నరకి సముద్రం అవతల దీవి నుంచి ఒకాయన మోర్స్ కోడ్‌లో పలికేవాడు. పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. పదిహేడేళ్ళ స్నేహం. ముఖం చూసుకున్నది లేదు, గొంతు విన్నది లేదు. అవతలాయన సెట్టు మరీ చిన్నది, చీమ నడిచినంత చప్పుడు చేరేది.

"ఇది చెవులతో వినేది కాదే, ఊపిరి బిగబట్టి వినేది" అనేవాడు మావయ్య.

ఇంతలో ఆఫీసు వాళ్ళు కరెంటు తీగల్లోనే ఇంటర్నెట్ పంపే పథకం పెట్టారు. కొత్త కేబుల్ అక్కర్లేదు, గోడ ప్లగ్గులో మోడెం గుచ్చితే చాలు. జనం ఎగబడ్డారు. కూతురి చదువు కోసం ఆమె కూడా పెట్టించుకుంది. కానీ ఆ తీగలు కరెంటు మోయడానికి వేసినవి. లోపల పారాల్సిన ఇంటర్నెట్ సిగ్నల్ కాస్తా గాల్లోకి కారి, వీధి వీధంతా ఒక పెద్ద యాంటెన్నా అయి కూర్చుంది.

మూడో రోజే మావయ్య ఫోన్ చేశాడు. "ఏమే, సెట్టు పెడితే కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టుంది. మీవాళ్ళేం చేశారే?"

వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఒకటే చుయ్‌మని చప్పుడు. ఆ చప్పుడు కింద దీవి మనిషి పలుకుతున్నాడో లేదో దేవుడికే తెలియాలి.

మావయ్య ఫిర్యాదు రాశాడు. పరీక్షించే పని తిరిగి తిరిగి ఆమె నెత్తినే పడింది. పొద్దున ఆరున్నరకి ఆ వీధిలో కొలిస్తే, రేడియో రొద ఉండాల్సిన దానికి అయిదింతలు చూపించింది. పెద్ద ఇంజినీరు ఆ కాగితం చదివి సొరుగులో పడేశాడు.

"ఎన్ని ఇళ్ళకి కనెక్షన్లిచ్చాం?"

"పన్నెండు వేలు సార్."

"ఒక్క పెద్దాయన కాలక్షేపం కోసం అన్నీ పీకేద్దామా? గురువారం మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ కొలవండి. ఆ పూట ఆ వీధి స్తంభం మీది ఇంటర్నెట్ పరికరం మరమ్మతుకి ఆపుతున్నాం."

అడగ్గానే ఒప్పుకుందంటే అన్యాయం. రెండు రోజులు ఏదో వంక చెప్పి తప్పించుకుంది. మూడోరోజు బదిలీల జాబితాలో తన పేరుందని ఎవరో చెవిన వేశారు. కొండల్లో సబ్‌స్టేషనట. పిల్లది ఆఖరి సంవత్సరం. గురువారం రెండింటికి వెళ్ళింది. యంత్రం నిశ్శబ్దం చూపించింది, ఆమె నిశ్శబ్దం అని రాసింది. రాసిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ మాట తర్వాత తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

మావయ్యకి జవాబు వెళ్ళింది. అంతరాయమేమీ లేదు, మీ పరికరం పాతది, బాగుచేయించుకోగలరు. దాని వెనక ఆమె నివేదిక, కింద ఆమె సంతకం.

ఆదివారం వెళ్ళేసరికి ఆయన కర్ర పట్టుకుని తలుపు తీశాడు. "రండి" అన్నాడు.

ఇంకెవరైనా వచ్చారేమోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"రండి, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?"

"నన్ను మీరు అంటావేంటి మావయ్యా?"

"ఆఫీసువాళ్ళని నువ్వు అనే అలవాటు నాకు లేదండీ."

"దూరం వేసేవాళ్ళు. పిల్ల చదువు పాడయ్యేది."

"నిజమే. సెట్టు కూడా పాతదే. యాభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన చెయ్యి, ఇదీ చేసుకుంటుంది లెండి."

"పొద్దున కొలిచిన అంకెలు నా దగ్గరున్నాయి. ఇస్తాను, పైవాళ్ళకి రాయి."

"అప్పుడు రెండు కాగితాల మీదా మీ సంతకమే ఉంటుంది. దేన్ని నమ్మమంటారు?"

చెడామడా తిట్టినా బాగుండేది. తిట్టే మనిషి ఇంకా మనల్ని తనవాళ్ళలోనే ఉంచుకున్నట్టు. మర్యాద ఇస్తే గుమ్మం దగ్గరే నిలబెట్టేసినట్టు.

ఆ రోజే ఆయన సెట్టు మీద దుప్పటి కప్పేశాడు.

రెండున్నరేళ్ళు గడిచాయి. ఊళ్ళోకి అసలు కేబుల్ వచ్చాక, ఆ తీగల ఇంటర్నెట్ పెళ్ళయ్యాక పందిరిలా ఎవరికీ పట్టకుండా పోయింది. స్తంభాల మీది పరికరాలు విప్పించే పని కూడా ఆమెకే వేశారు. చివరిది దిగిన మర్నాడు మూడంతస్తులూ ఎక్కింది. దుప్పటి తీసి ఉంది. మావయ్య హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని కూర్చున్నాడు.

"శబ్దం పోయింది మావయ్యా."

"పోయింది. బాగా వినిపిస్తోంది." బల్ల మీది కార్డు ఆమె వైపు జరిపాడు. "దీవి ఆయన భార్య రాసింది. పోయినేడు పోయాడట."

ఆమె కార్డు తీసుకుంది. చివరి వారం దాకా రోజూ పిలిచాడట. ఇవతల పలక్కపోయేసరికి స్నేహితుడికి కోపమొచ్చిందనుకున్నాడట. తన వల్ల పొరపాటేదైనా జరిగి ఉంటే మన్నించమని చెప్పమన్నాడట.

"నా వల్లే మావయ్యా."

"ఉత్తరం ముక్క రాయనిది నేను. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అని ఇక్కడే ఉడుక్కుంటూ కూర్చున్నాను. నా తప్పు నాది. మీది మీది."

ఆయన మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఒక్కసారి 'ఏమే' అంటాడేమోనని ఆమె చాలాసేపే నిలబడింది. చివరికి గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మాట వినిపించింది.

"మెట్లు తడిగా ఉన్నాయి. చూసి దిగండి."

ఆమె చూసి దిగింది.