గరాజ్‌లో చలికాలం

నవీన తన పాత నూలు చీరలు కలిపి కుట్టి కారు మీద కప్పుతోంది. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ నిలుస్తుందనీ, నూలైతే గాలి ఆడుతుందనీ మొగుడు కృష్ణారావు చెప్పాడు. ఈ దక్షిణపు దేశంలో కాలాలు తలకిందులు; మే నెల వచ్చిందంటే జాన్సన్‌విల్‌లో చలీ వానలూ మొదలు. ఆ ఎర్రటి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు మళ్లీ ఎండలు వచ్చేదాకా గరాజ్ దాటదు. ట్యాంకు నింపేది, టైర్లకు గాలి పట్టేది, బ్యాటరీ విప్పేది మొగుడు. సీట్లు తుడిచేది, ఎలుకలు చేరకుండా మూలమూలన కలరా ఉండలు పెట్టేది పెళ్లాం. పాత కార్ల క్లబ్బులో మాత్రం అంతా తానే చేసుకుంటానని అతను చెప్పుకుంటాడు.

వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను లేపి, కడిగి, పడుకోబెట్టి వచ్చే మనిషికి ఈ చాకిరీ ఒక లెక్క కాదు. ఆమెకు మండింది వేరే చోట. పడకగది గోడలు చెమ్మకు నల్లబడ్డాయి. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. గది పొడిగా ఉండాలని డాక్టరు గట్టిగా చెబితే తన జీతంతో తేమ గుంజే మిషను కొనుక్కుంది. చలి రాగానే ప్రతిసారీ కృష్ణారావు కారు తుప్పు పట్టకుండా దాన్ని గరాజ్‌లో పెడతాడు. గరాజ్ గోడల్లో చలి ఆగే పొరలు వేయించాడు; పడకగది సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఏటా అదే మాట. నిరుడు మిషను వెనక్కి తెచ్చుకుంటే, ఆమె డ్యూటీకి వెళ్లగానే మళ్లీ మోసుకుపోయాడు. మొగోనికి ఒక్క సరదా గూడ ఉండొద్దా బిడ్డా అని అత్త భాగ్యమ్మ వరంగల్ నుంచి ఫోనులో బుద్ధి చెప్పింది.

ఈసారి మిషను ఇంట్లోనే ఉంచమని అడిగింది. అతను ముసుగు అవతలి కొస గుంజుతూ తల ఎత్తలేదు.

“తుప్పుకు మందు లేదు. నీ దగ్గుకున్నది గద.”

ఆ పిల్లికూత ముదిరితే మనిషి ఎట్లా పోతుందో ఆశ్రమంలో ఆమె కళ్లారా చూసింది. మర్నాడు ఆమెకు సెలవు. అతను ఆఫీసుకు పోగానే గరాజ్ తలుపు ఎత్తింది. ముసుగు తీసి మడతపెట్టింది. తాళం తిప్పి, చేతి బ్రేకు వదిలింది. గరాజ్ నుంచి రోడ్డు దాకా దారి ఏటవాలు. ఇంజను లేకుండానే కారు వెనక్కి జారింది. బ్రేకు తొక్కుతూ, తొందరపడకుండా రోడ్డు పక్కన నిలిపింది. వాన పడుతూనే ఉంది. ఆమె గరాజ్‌లోకి వచ్చి, కారు ఖాళీ చేసిన చోట మిషను పక్కనే పరుపు వేసుకుని, గడియ పెట్టి పడుకుంది. ఎన్నాళ్లకో ఛాతీ కూయలేదు.

సాయంత్రం కృష్ణారావు తలుపు బాదాడు.

“నవీనా, కారు వానల ఎందుకున్నది? పిచ్చి లేసిందా నీకు?”

ఆమె లేవలేదు.

“లోపల మనిషున్నది.”