మూడు పసుపుల పొడి

గిరిబాబు ల్యాబుకు వచ్చినప్పుడల్లా చెప్పులు గుమ్మం బయటే విడిచి వస్తాడు. ఇక్కడెవరూ విడవరని నరేంద్రబాబు చెప్పినా వినడు. "చదువుండే చోటన్నా, గుడి మాదిరి" అంటాడు. ఆ మాటలో భక్తి ఎంతో వెటకారం ఎంతో నరేంద్రబాబుకు ఇన్నేళ్లయినా తేలలేదు. తేల్చుకోవడానికి అతను లోలోపల పడే అవస్థ తెలిస్తే గిరిబాబు పగలబడి నవ్వేవాడు.

ఇద్దరూ తోడల్లుళ్లు. నరేంద్రబాబు పెద్దల్లుడు. రొయ్యలను విదేశాలకు పంపే ముందు వాటిలో మందుల అవశేషాలేమైనా ఉన్నాయా అని పరీక్షించే ల్యాబు ఒకటి వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఉంది. అందులో అతను సీనియర్ కెమిస్టు. గిరిబాబు డిగ్రీ మధ్యలో వదిలేసి అల్లూరు దగ్గర రెండు రొయ్యల గుంటలు చేస్తున్నాడు. అత్తగారింట్లో ఏ కార్యం జరిగినా మొదటి కుర్చీ పెద్దల్లుడికే వేస్తారు. కాసేపటికి జనమంతా చిన్నల్లుడి చుట్టూ మూగి నవ్వుతూ ఉంటారు. కుర్చీ మాత్రం పెద్దల్లుడి కిందే ఉంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం గిరిబాబు చేతిలో చైనా అక్షరాలున్న వెండిరంగు పొట్లం ఉంది.

"రెండు గుంటల్లోనూ తెల్లరెట్ట రోగం పడిందన్నా. చెక్ ట్రే ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉండె. టౌన్లో నవాజ్ అని, మేతలూ మందులూ అమ్మే ఆయన ఈ చైనా మూలికల పొడి ఇచ్చినాడు. మేతలో కలిపి చల్లితే వారం తిరక్కముందే తినేదానికి మొదలుపెట్టినాయి. పేగు నల్లంగా నిండింది. చూస్తే నా కడుపు నిండినట్టయింది."

"అయితే ఇంకేంది నీ బాధ?"

"కొనేవాడు అడగతా ఉండాడు, ఏం వాడినావు, ఏం వాడినావని. ఇందులో ఎవడన్నా క్లోరం కలిపుంటే నా పని గోవిందా. కలపలేదని నువ్వొక్క మాట చెప్పన్నా, చాలు."

క్లోరం అంటే క్లోరాంఫెనికాల్, రొయ్యల పెంపకంలో నిషేధించిన యాంటీబయాటిక్. రొయ్యలో దాని జాడ కనబడితే చాలు, సరుకు దిగకుండానే వెనక్కి వస్తుంది. ఆ రైతు దగ్గర ఇంకే కంపెనీ కొనదు.

నరేంద్రబాబు పొట్లం చించి, వేలికి అంటిన పొడిని నాలుక మీద పెట్టుకున్నాడు. చేదు నాలుక వెనక్కి పాకి అక్కడే కూర్చుంది. పొట్లం మీద రెండు అక్షరాలను మాత్రం పోల్చుకోగలిగాడు.

"శాన్ హువాంగ్. అంటే మూడు పసుపులు."

"పసుపా? కూరలో వేసుకునేదా?"

"కాదు. పసుప్పచ్చటి మూలికలు. ఒక బెరడు, రెండు వేర్లు. చైనావాళ్లు ఎప్పట్నుంచో వాడుతున్నారు."

"వేలు నాకి చెప్పేసినాడు చూడు! డాక్టరన్నంటే డాక్టరన్నే. ఇంక మిషనెందుకు, అమ్మేసుకోరాదా?"

నరేంద్రబాబు నవ్వాడు. గిరిబాబు కొడుక్కి చెవులు కుట్టించిన రోజున కూడా ఇలాగే నవ్వాల్సి వచ్చింది. ఆ రోజు ఎవరికో పరిచయం చేస్తూ గిరిబాబు, "మా అన్న సగం డాక్టరు. మిగతా సగం మా సాయిలక్ష్మి వదిన" అన్నాడు. పందిరంతా నవ్వింది, నరేంద్రబాబు భార్య సాయిలక్ష్మి కూడా నవ్వింది. ఎవరి మనసులోనూ దురుద్దేశం లేదు. అది లేకపోవడమే నరేంద్రబాబుకు మింగుడుపడలేదు. ఎదుటివాడికి దురుద్దేశం ఉంటే కనీసం పగపట్టవచ్చు.

యూనివర్సిటీలో అతను డాక్టరేటు పరిశోధనకు ఎంచుకున్నది ఈ చైనా మూలికలనే. మూలికల రసాన్ని సన్నటి గొట్టంలోకి ఎక్కిస్తే, లోపల దట్టించిన పొడిని ఒక్కో పదార్థం ఒక్కో తీరున పట్టుకుంటుంది. పట్టు తక్కువున్నది ముందు, ఎక్కువున్నది వెనక, అన్నీ విడివిడిగా బయటికొస్తాయి. వచ్చినదల్లా తెర మీద ఒక శిఖరంగా లేస్తుంది. ఆ శిఖరాల వరసే ఆ మందు వేలిముద్ర. అతను వాటిని గీయిస్తూ ఉండగానే వేరే దేశంలో ఎవరో అవే మూలికల వేలిముద్రలు అచ్చువేసేశారు. గైడు, "ఇంకో సబ్జెక్టు చూసుకోవయ్యా" అన్నాడు. చూసుకోలేదు. పెళ్లయింది, ఉద్యోగమొచ్చింది, ఆ కాగితాలు అటక ఎక్కాయి.

"కూర్చో. ఇప్పుడే చూద్దాం" అన్నాడు నరేంద్రబాబు.

మిషను అప్పటికే నడుస్తోంది. మర్నాటి పరీక్షలకు సరిచూసుకోవడానికి క్లోరాంఫెనికాల్‌ని పలచటి ద్రావణం నుంచి గాఢమైన దాని దాకా వరసగా ఎక్కిస్తున్నాడు. గాఢమైనది వెళ్లాక ఒక ఉత్త ద్రావణాన్ని పంపాలి. దాన్ని బ్లాంక్ అంటారు. సూదిలోనో గొట్టంలోనో ముందటి మందు రవ్వంత మిగిలిపోయి ఉంటే ఆ బ్లాంక్‌లో బయటపడుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నరేంద్రబాబు నేర్పే మొదటి పాఠం అదే. ఎంగిలి గ్లాసు కడక్కుండా ఇంకొకరికి నీళ్లిస్తామా అని అడుగుతాడు.

పొడిని నానబెట్టి, తిప్పి, వడగట్టాడు. చిన్న సీసాలోకి తీసి ట్రేలో పెట్టాడు. దాని ముందు ఉంచాల్సిన బ్లాంక్ సీసాను చేతిలోకి తీసుకున్నాడు.

"ఎంతసేపన్నా ఇంకా? సాయంత్రం మేతకు నేను లేకపోతే మావోళ్లు గుంటలో సగం, గట్టు మీద సగం చల్లతారు" అన్నాడు గిరిబాబు వెనకనుంచి.

నరేంద్రబాబు ఆ సీసాను ట్రేలో ఉంచకుండా, తీసిన చోటే మళ్లీ పెట్టేశాడు.

తెర మీద రెండు గీతలు కదిలాయి. పై గీత మూలికల కోసం, కింది గీత ఒక్క క్లోరాంఫెనికాల్ కోసమే. పై గీతలో శిఖరాలు ఒక్కొక్కటే లేచాయి. బెరడులోంచి వచ్చిన బెర్బెరిన్ నిటారుగా నిలబడింది. వేరులోంచి వచ్చిన బైకాలిన్ బాగా విశాలంగా పరుచుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత నరేంద్రబాబు గుండె వేగంగా కొట్టుకుంది. సొంత ఊరి మనుషుల్ని పరాయి రైల్వేస్టేషనులో చూసినట్టుంది అతనికి. ఇవన్నీ తనవి. ఇవి ఇప్పుడు గిరిబాబు రొయ్యల కడుపులు నింపుతున్నాయి. తనకు కూడుపెట్టని విద్య, పేరు కూడా పలకడం రాని గిరిబాబుకు పంట పండిస్తోంది.

అప్పుడు కింది గీత కదిలింది. క్లోరాంఫెనికాల్ రావలసిన నిమిషానికి చిన్న బొడిపె లేచి తగ్గింది.

నరేంద్రబాబు ఛాతీలో ఏదో వెచ్చగా పరుచుకుంది. బాధ అనుకున్నాడు. ఇంట్లోవాడికి చెడువార్త చెప్పాల్సి వచ్చినప్పుడు కలిగే బరువు అనుకున్నాడు.

"ఉంది గిరీ" అన్నాడు.

గిరిబాబు తెర వైపు చూడలేదు, నరేంద్రబాబు ముఖంలోకి చూశాడు. "సరింగా చూడన్నా."

"మిషను అబద్ధం చెప్పదు. పొడి అంతా పారెయ్. ఇంక ఒక్క పిడికెడు కూడా వెయ్యొద్దు."

అటువంటిది కనబడితే రెండోసారి చూడకుండా ఏ కంపెనీకీ చెప్పడు. కంపెనీకి కాదు కదా చెబుతున్నది, ఇంట్లోవాడికి. గిరిబాబు బయటికెళ్లి చెప్పులు వేసుకున్నాడు. ఒక కాలి చెప్పు ఇంకో కాలికి వేసుకుని, చూసుకుని, మార్చుకున్నాడు. తలుపు అద్దంలోంచి నరేంద్రబాబు అదంతా చూశాడు.

ఆ సాయంత్రమే గిరిబాబు మిగిలిన పొట్లాలు తీసుకెళ్లి నవాజ్ షాపు ముందు రోడ్డు మీద కుమ్మరించాడట. రెండ్రోజుల తర్వాత నవాజ్ ఫోన్ చేశాడు.

"సార్, నేను షావలిగారి అబ్బాయిని. మా నాన్న కాలం నుంచి ఈ వ్యాపారంలోనే ఉన్నాం. రోడ్డు మీద పరువు తీసినాడు మీ తమ్ముడు. పోనీండి, ఆయన కడుపుమంట ఆయనది. మీరొక్కసారి మళ్లీ చూడండి సార్. నా గుంటలో కూడా అదే వేసినా. రొయ్యలు పట్టి ప్యాకింగుకు పంపినా, పరీక్షలో ఏమీ రాలేదు."

"మీకేం రాలేదో నాకు తెలియదు. నాకేం వచ్చిందో నాకు తెలుసు" అన్నాడు నరేంద్రబాబు. ఫోన్ పెట్టేశాక ఆ వాక్యం బాగుందనిపించింది.

గుంటల్లో రొయ్యలు మళ్లీ మేత మానేశాయి. నీళ్ల మీద రెట్ట తెల్లటి దారాలుగా తేలింది. మొదటి గుంటలో చచ్చినవి గట్టుకు కొట్టుకొచ్చాయి, కాకులు దిగాయి. గిరిబాబు భార్య అనూష తన అక్క సాయిలక్ష్మికి ఫోన్ చేసి ఏడ్చింది. సాయిలక్ష్మి ఫోన్ పెట్టేసి, "మీరు చూడబట్టి సరిపోయింది. లేకుంటే పేరు కూడా పోయేది" అంది. ఆ రాత్రి అన్నంలో రెండోసారి నెయ్యి వేసింది. నరేంద్రబాబు వద్దనలేదు.

అటక మీది కాగితాలు కిందికొచ్చాయి. చైనా మూలికల మాటున రొయ్యలకు నిషేధించిన మందు! ఇది అచ్చువేయదగ్గ సంగతి. వేలిముద్ర గీయడం ఒకటే కాదు, అందులో దూరిన దొంగను పట్టుకోవడం. సగంలో ఆగినదాన్ని ఇక్కణ్ణుంచి పూర్తిచేయవచ్చు. పత్రికకు పంపాలంటే పరీక్ష మళ్లీ పద్ధతిగా చేయాలి. ఒక శనివారం అందరూ వెళ్లాక గాఢమైన క్లోరాంఫెనికాల్ ఎక్కించి, తర్వాత బ్లాంక్ పెట్టి, దాని వెనక పొడి సీసాలు వరసగా పెట్టాడు.

బ్లాంక్‌లో బొడిపె లేచింది. అదే నిమిషానికి, అంతే ఎత్తు.

తర్వాత పెట్టిన పొడిలో కింది గీత చదునుగా వెళ్లిపోయింది. రెండోదాంట్లోనూ అంతే. పొట్లంలో మిగిలినదంతా పరీక్షించాడు. బెర్బెరిన్ ఉంది, బైకాలిన్ ఉంది. దొంగ ఎవడూ లేడు.

కుర్చీలో వెనక్కి వాలాడు. పొరపాటు జరిగింది, ఎవరికైనా జరుగుతుంది, గిరిబాబు తొందరపెట్టాడు. ఈ మూడు మాటలూ వరసగా చెప్పుకున్నాడు. కానీ సీసా సంగతి వేళ్లకు గుర్తుంది. దాన్ని పట్టుకున్నాడు. చల్లగా ఉంది. మళ్లీ పెట్టేశాడు. మరిచిపోయినవాడు దాన్ని అసలు ముట్టుకోడు. తెలిసి చేశాడా అంటే, అదీ కాదు. ఆ బొడిపె లేవాలని తనలో ఎవరో కోరుకున్నారు. చెయ్యి వాడి మాట విన్నది. తర్వాత ఛాతీలో పరుచుకున్న ఆ వెచ్చదనం బాధ కాదు. దాని పేరు అతనికి ఆ రోజే తెలుసు.

రెండో గుంట ఇంకా ఉంది. పొడి మళ్లీ వేస్తే బతకొచ్చు. నవాజ్ దగ్గర దొరుకుతుంది. తెల్లవారి బండి తీసుకుని అల్లూరు వెళ్లాడు.

రెండో గుంట గట్టు మీద ఐసు వ్యాను నిలబడి ఉంది. కూలీలు తూము దగ్గర వలకట్టి, నీళ్లను ఆపే పలకలకు అడ్డంపడ్డ నాచు లాగేస్తున్నారు. గిరిబాబు ఎదురొచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"పట్టేస్తుండామన్నా. సైజు రాలేదు, ఎగుమతికి కాకున్నా ఇక్కడి మార్కెట్లో వచ్చిందే దక్కుడు. ఆ గుంట మాదిరి చేతులు కాల్చుకోడం ఎందుకు."

"ఆపు గిరీ. నీతో మాట్లాడాలి."

పాకలోకి వెళ్లారు. నరేంద్రబాబు దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"ఆ పొడిలో క్లోరం లేదు. తప్పు నాది. మిషనులో ముందటి మందు మిగిలిపోయింది, అది కనబడింది. నేను సరిగా చూడలేదు. నవాజ్ దగ్గర పొడి తెప్పించు."

గిరిబాబు కళ్లు ఎర్రబడ్డాయి. తిడతాడని, కొడతాడని, ఏదో ఒకటి చేస్తాడని నరేంద్రబాబు ఎదురుచూశాడు. గిరిబాబు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అనూష ఏడ్చిందని వదిన చెప్పిందా? అందుకనేనా ఇంత దూరం వచ్చినావు?"

"అది కాదు, నిజంగానే..."

"నాకోసం నీమీద వేసుకుంటుండావా అన్నా? నువ్వు తప్పు చూడ్డమేంది? ఆ నవాజ్ ఏమన్నా కాళ్లావేళ్లా పడినాడా?" పట్టిన చేతులు వదల్లేదు. "నేను నిన్ను శానా ఎగతాళి చేసినా. నీ మాదిరి తోడబుట్టినోడు కూడా చేయడు. నాలుగు రొయ్యలు పోతే పోయినాయి, నా పేరు నిలబెట్టినావు."

నరేంద్రబాబు నోరు తెరిచాడు. ఇంకొక్క మాట కావాలి. బ్లాంక్ అంటే ఏమిటో చెప్పాలి, ఎంగిలి గ్లాసు అని చెప్పాలి, సీసాను ముట్టుకుని మళ్లీ పెట్టేశానని చెప్పాలి. అవన్నీ చెబితే గిరిబాబుకు అర్థమవుతుంది, మొద్దేం కాదు. అతని చేతులు ఇంకా ఈ చేతుల్ని పట్టుకునే ఉన్నాయి. గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆ మనిషి నవ్వకుండా తనతో మాట్లాడటం ఇదే మొదలు.

"అనూషా! బావొచ్చినాడు. ముందు ఆయనకు పెట్టు."

అనూష మంచం మీద ప్లేటు పెట్టి ఉప్మా వడ్డించింది. "ఎండన పడి వచ్చినారు బావా, తినండి" అంది. అతను తిన్నాడు.

తూము దగ్గర్నుంచి కూలీ కేకేశాడు. "పలకలెత్తమంటారా అయ్యా? ఐసు కరిగిపోతా ఉంది."

గిరిబాబు నరేంద్రబాబు వైపు తిరిగాడు. ఒక నిర్ణయం తీసుకునే ముందు పెద్దల వైపు తిరిగినట్టు తిరిగాడు.

"ఏమంటావన్నా? ఎత్తమందామా?"

ఉప్మా ముద్ద నరేంద్రబాబు గొంతులో ఉంది. మింగాడు.

"నీ ఇష్టం గిరీ" అన్నాడు.

"ఎత్తండిరా" అని అరిచాడు గిరిబాబు.

పలకలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. నీళ్లు హోరుమని కాలవలో పడ్డాయి. గుంట అంచులు తడి బురదగా బయటపడటం మొదలైంది. నరేంద్రబాబు ప్లేటు పక్కన పెట్టి గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. లోతు తగ్గేకొద్దీ గుంట నడిమి నీళ్లు చిటపటలాడాయి. రొయ్యలు గాలిలోకి ఎగిరి పడుతున్నాయి. చాలా ఉన్నాయి, మోకాలెత్తు ఎగురుతున్నాయి. వాటికింకా ఓపిక ఉంది.